కడిగితే మందు పోతుందా?

టమోటాను ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగితే దానికి కొట్టిన పురుగుమందు పోతుందా? కూరగాయలు కొనే ఇళ్లన్నిటిలోనూ వినిపించే ప్రశ్న ఇది. కొంత పోతుంది, కొంత పోదు. ఎంత పోతుందో కడిగే నీళ్ల కంటే మరి రెండు సంగతులు ఎక్కువగా తేలుస్తాయి. కొట్టిన మందు ఏ రకం అన్నది మొదటిది. మందు కొట్టిన ఎన్నాళ్లకు కాయ కోశారన్నది రెండవది. ఈ రెండూ వంటింటి చేతిలో లేవు. ఒకటి మందుల అంగడిలోనూ, రెండవది పొలంలోనూ తేలుతుంది. అంగడిలో ఏ మందు అమ్మవచ్చో చట్టం తేలుస్తుంది. ఆ చట్టాన్ని కదిలించే బలం జనానికి ఉంది.

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ గొలుసు మొత్తం కంటికి కనిపిస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. మదనపల్లె నుంచి కదిరి వెళ్లే దారిలోని అంగళ్లు అనే ఊరి మండీలకు, గుర్రంకొండ, ములకలచెరువు, పుంగనూరు, పలమనేరు మార్కెట్లకు చుట్టుపక్కల పల్లెల నుంచి కాయలు వస్తాయి. వేలం ముగిశాక బాక్సులు లారీలకెక్కి చెన్నైకి, బెంగళూరుకు, ఉత్తరాది నగరాలకు వెళ్తాయి. ఇక్కడి రైతు కొట్టిన మందు ఏదైనా దాని ప్రభావం ఊరి పొలిమేర దగ్గర ఆగదు.

కాయ మీది మందు, కాయలోని మందు

టమోటా సుకుమారమైన పంట. నారుమడి నుంచే తెల్లదోమ పడుతుంది. అది రసం పీల్చడంతో ఆగకుండా ఆకుముడత వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. కాయ పడ్డాక శనగపచ్చ పురుగు తొలుస్తుంది. దక్షిణ అమెరికాలో పుట్టిన టూటా అనే చిన్న రెక్కల పురుగు 2014లో మహారాష్ట్రలో కనిపించింది, ఆ తర్వాత దేశమంతా పాకింది. దాని పిల్లపురుగు ఆకు పొరల మధ్య సొరంగాలు చేసుకుని, కాయలోకీ దూరుతుంది. వానలు పట్టుకుంటే మాడు తెగులు వస్తుంది. నారుకు, కట్టెలకు, దారాలకు, డ్రిప్పుకు, కూలీలకు అప్పుచేసి పెట్టుబడి పెట్టిన రైతు, పురుగు కనిపించగానే మందుల అంగడికి పరుగెత్తడం సహజం.

అక్కడ దొరికే మందులు పనిచేసే తీరును బట్టి రెండు రకాలు. ఆకు మీద, కాయ మీద పొరలా ఉండి, తాకిన పురుగును చంపేవి ఒక రకం. వీటిని అంటుమందులు అనవచ్చు. రెండవ రకం మందు మొక్క ఒంట్లోకి ఇంకి, రసంతోపాటు కొమ్మలకు, ఆకులకు పాకుతుంది. ఆ రసం పీల్చిన పురుగు చస్తుంది. ఇవి ఇంకుడు మందులు. వ్యవసాయ పుస్తకాలు వీటిని అంతర్వాహిక మందులు అంటాయి. మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ ఈ కోవకు చెందినవి.

ధారగా పడే నీళ్లలో చేత్తో రుద్ది కడిగితే అంటుమందు చాలావరకు తగ్గుతుంది. తొక్క తీస్తే ఇంకా తగ్గుతుంది. ఉడికించినప్పుడు వేడికి విరిగిపోయే మందులూ ఉన్నాయి. ఇంకుడు మందు అలా కాదు. కాయ కండలోకి చేరిన భాగాన్ని ఏ నీళ్లూ బయటికి లాగలేవు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో ఆపిల్ కాయలకు రెండు మందులు పూసి, వంటసోడా కలిపిన నీళ్లలో నానబెట్టి చూశారు. పై పొరలో ఉన్న మందు 12 నుంచి 15 నిమిషాల్లో పోయింది. కానీ థయాబెండజోల్ అనే ఇంకుడు మందులో 20 శాతం అప్పటికే తొక్కను దాటి లోపలికి వెళ్లింది. ఫాస్మెట్ అనే అంటుమందులో అలా లోపలికి దిగింది 4.4 శాతమే. ఒకే కాయ, ఒకే కడుగు, రెండు మందులకు రెండు ఫలితాలు.

కడగడం వల్ల లాభం లేదని దీని అర్థం కాదు. దుమ్ము, సూక్ష్మజీవులు, పైపొర మందు పోవడానికి కడగడం తప్పనిసరి. సబ్బు మాత్రం వాడకూడదు, అది కాయకే అంటుకుంటుంది. అయితే కడగడం చిట్టచివరి రక్షణ. దానికి ముందు నిలవవలసిన రక్షణలు వేరే ఉన్నాయి.

మందు ఆగే గడువు, తినగల హద్దు

మొక్క మీద పడిన మందు ఎండకు, గాలికి, మొక్కలోని రసాయన చర్యలకు రోజురోజుకూ విరుగుతుంది. ఒక మందు సగానికి తగ్గడానికి మూడు రోజులు పడుతుందనుకుంటే, ఆరు రోజులకు పావు వంతు, తొమ్మిది రోజులకు ఎనిమిదో వంతు మిగులుతుంది. దీన్ని లెక్కగట్టే, మందు కొట్టిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కాయ కోయాలని ప్రతి మందుకూ, ప్రతి పంటకూ ఒక గడువు పెడతారు. సీసాతోపాటు ఇచ్చే కాగితంలో ఆ గడువు ఉంటుంది. దీనికి కోతగడువు అని పేరు పెట్టుకోవచ్చు.

టమోటా దగ్గర ఈ గడువుకు పెద్ద చిక్కు వస్తుంది. వరి ఒక్కసారే కోతకొస్తుంది. టమోటా కోత మొదలైతే మూడు నాలుగు రోజులకోసారి చొప్పున వారాల తరబడి సాగుతుంది. నిన్న కోసిన తోటలో ఇవాళ పురుగు కనిపిస్తే రైతు ఇవాళే మందు కొడతాడు. ఎల్లుండి మళ్లీ కోత. ఆ మందు గడువు వారం రోజులైతే నడుమ వచ్చే ఒకటి రెండు కోతలు వదులుకోవాలి. కాయ చెట్టున పండిపోతుంది, లారీ ప్రయాణానికి ఆగదు. ధర పలికే రోజుల్లో ఒక్క కోత వదులుకోవడమంటే సీజనంతా చేసిన అప్పు తీరే దారి మూసుకోవడమే. కాబట్టి కోతగడువు పాటించకపోవడాన్ని రైతు నిర్లక్ష్యమని తేల్చేస్తే సరిపోదు. తక్కువ గడువుండే మందులు, అసలు మందే అక్కరలేని పద్ధతులు రైతు చేతికి అందితేనే ఈ చిక్కు విడుతుంది.

కోత తర్వాత కాయలో మిగలవచ్చునని చట్టం ఒప్పుకునే మోతాదు మరొకటి. దాన్ని అవశేష హద్దు అంటారు. జంతువుల మీద పరీక్షించి, ఏ కీడూ కనిపించని మోతాదును తీసుకుని, మనుషుల కోసం మామూలుగా దానిలో నూరో వంతును రోజువారీ తినగల హద్దుగా లెక్కిస్తారు. పంటలో మిగిలే హద్దు ఆ లెక్కకు లోబడేలా చూస్తారు. ఏ హద్దూ ప్రత్యేకంగా పెట్టని మందులకు మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు కిలోకు 0.01 మిల్లీగ్రాముల హద్దును విధించాయి. అంటే పది కోట్ల పాళ్ల కాయలో ఒక్క పాలు.

హద్దు దాటిన కాయ తిన్నంత మాత్రాన ఎవరూ కుప్పకూలిపోరు. అలా భయపెట్టడం శాస్త్రం కాదు. కానీ ఈ లెక్కలో రెండు వెలితులున్నాయి. ఒక్కో మందుకు విడివిడిగా హద్దు పెట్టారు. కాయలో మూడు నాలుగు మందులు కలిసి ఉన్నప్పుడు వాటి ఉమ్మడి ప్రభావం ఆ హద్దులో లేదు. రెండవది పిల్లల సంగతి. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ తింటారు, ఎక్కువ తాగుతారు. వాళ్ల మెదడు, నరాలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అదే మోతాదు వాళ్లకు ఎక్కువ కీడు చేయగలదు.

నరాల్లో మందు చేసే పని

పురుగును చంపే మందు మనిషికి ఎందుకు హాని చేస్తుంది? పురుగు నరమూ మనిషి నరమూ పనిచేసే తీరులో పోలిక ఉండడమే కారణం. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి సేంద్రియ భాస్వర మందులు సరిగ్గా ఆ పోలిక మీదే దెబ్బ కొడతాయి.

కాలువ నీళ్లతో మడి తడిపే రైతు పని గుర్తు చేసుకుంటే ఈ దెబ్బ అర్థమవుతుంది. మడవ తీస్తే నీళ్లు మడిలోకి పారతాయి. మడి తడవగానే మడవ కట్టేయాలి. కట్టకపోతే నీళ్లు నిలిచి పైరు కుళ్లిపోతుంది. నరం నుంచి కండరానికి ఆజ్ఞ వెళ్లేటప్పుడు నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది పారే నీళ్లు. ఆజ్ఞ అందిన మరుక్షణం ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని విరిచేస్తుంది. అది మడవ కట్టే మనిషి. సేంద్రియ భాస్వర మందు ఆ మనిషి చేతులు కట్టేస్తుంది. ఇక మడవ మూసేవాడు లేడు. ఆజ్ఞ మీద ఆజ్ఞ పారుతూనే ఉంటుంది. నోట చొంగ, కంట నీరు, ఒళ్లంతా చెమట పడతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో తడి నిండి, ఊపిరి తీసే కండరాలు అలసి ఆగిపోతే ప్రాణం పోతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షను మడిలోకి నీళ్లు దిగే దారిని మూస్తుంది. ప్రాలిడాక్సిమ్ అనే మరో మందు కట్టుబడిన చేతులను విడిపించడానికి ఇస్తారు. ఆలస్యమయ్యే కొద్దీ ఆ కట్లు బిగుసుకుంటాయి. అందుకే విషం సోకిన మనిషిని ఎంత త్వరగా ఆసుపత్రికి చేరిస్తే అంత మేలు. మందు సీసానో, దాని పేరున్న కాగితాన్నో వెంట తీసుకెళ్లడమూ అంతే ముఖ్యం. మందు ఏదో తెలిస్తే వైద్యుడికి విరుగుడు తెలుస్తుంది.

ఇది ఒక్కసారిగా ఎక్కువ మందు సోకినప్పటి మాట. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి సోకేది వేరు. తలనొప్పి, కళ్లమంట, నిద్రలేమి, చర్మం మీద దద్దులు వచ్చి పోతుంటాయి. వాటిని ఎవరూ మందుతో ముడిపెట్టరు, ఎండదెబ్బో అలసటో అనుకుంటారు. వ్యవసాయంలో పురుగుమందులతో పనిచేసేవారిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బులు, కొన్ని రకాల కేన్సర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల అధ్యయనాలు చెప్పాయి.

మొదటి దెబ్బ ఎవరికి

పట్నంలో టమోటా కొనేవారికి అందేది మందులో ఆఖరి మిగులు. మొదటి దెబ్బ మందు కొట్టేవారికి, కలిపేవారికి, కాయ కోసేవారికి తగులుతుంది.

పత్తి పండించే తెలుగు పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం ఈ సంగతిని లెక్కలతో చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో 50 మంది మహిళా రైతులు మందు కొట్టిన ప్రతిసారీ తమకూ, ఇంట్లోని మగవారికీ కనిపించిన లక్షణాలను రాసిపెట్టారు. 2005లో ఆ ఫలితాలు అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు స్వల్పంగానో తీవ్రంగానో విషలక్షణాలు కనిపించాయి. ఒక్కరు కూడా ఆసుపత్రికి వెళ్లలేదు. మరో సంగతి కూడా బయటపడింది. ట్యాంకు భుజాన వేసుకుని కొట్టేది మగవాళ్లే అయినా, చిక్కటి మందును నీళ్లలో కలిపి ట్యాంకు నింపే పని ఆడవాళ్లది. ఆ పనిలో ఉన్న ప్రమాదం కొట్టే పనిలో ఉన్నంతే. చేతిపనిగా, సాయంగా లెక్కగట్టి పక్కన పెట్టిన పనిలోనూ విషం అంతే ఒంటికంటుతోంది.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతులకు ఈ విషం సంగతి ముందుగా చెప్పే జీవి ఒకటుంది. అది పట్టుపురుగు. టమోటా తోట పక్కనే మల్బరీ తోటలుండే నేల ఇది. పక్క చేనులో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితే, కంటికి ఏ తేడా కనిపించదు. ఆ ఆకు తిన్న పురుగులు మేత మానేస్తాయి, పచ్చరసం కక్కుతాయి, గూడు కట్టకుండానే చస్తాయి. నెల రోజుల శ్రమ ఒక్క పూటలో పోతుంది. అందుకే పట్టు శాఖ మల్బరీని ఇతర పంటలకు దూరంగా వేయమంటుంది, మల్బరీకి మందు కొడితే గడువు దాటేదాకా ఆకు కోయవద్దంటుంది. ఈ ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇంటివారికి గాలిలో మందు ఎంత దూరం వెళ్తుందో పరికరాలు లేకుండానే తెలుసు. అదే గాలిని ఆ ఇంటి పిల్లలూ పీలుస్తున్నారు.

ఇంకొక దుఃఖం గురించి కూడా చెప్పాలి. వరంగల్ జిల్లా ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. ఎక్కువమంది కష్టకాలంలో తామే తాగినవారు, ముప్పై ఏళ్లలోపువారు. 2002లో పేరు తెలిసిన మందుల వల్ల సంభవించిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌ల వల్లే. అతి విషపూరితమైన మందులు అమ్మకాల నుంచి తప్పుకున్నాక శ్రీలంకలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. పంట దిగుబడి అందువల్ల పడిపోలేదు. మనిషి క్షణికావేశంలో చేతికందే వస్తువు ఎంత విషమో దాని మీద ప్రాణం నిలబడడం, పోవడం ఆధారపడుతుంది.

చట్టాలు ఎలా కదిలాయి

మన దేశంలో పురుగుమందుల చట్టం ఒక ఘోరం తర్వాత వచ్చింది. 1958లో ఓడలో గోధుమపిండి బస్తాల పక్కన పెరాథియాన్ అనే మందును ఉంచారు. అది ఒలికి పిండిలో కలిసింది. ఆ పిండితో చేసినవి తిని కేరళలో 100 మందికి పైగా చనిపోయారు. విచారణ సంఘం వేశారు. పదేళ్లకు, 1968లో క్రిమిసంహారకాల చట్టం వచ్చింది. మందు సీసా మీద కనిపించే రంగు త్రికోణాలు ఈ చట్టం నియమాల ఫలితమే. ఎర్ర త్రికోణం అతి తీవ్ర విషానికి గుర్తు. పసుపు తీవ్ర విషానికి, నీలం మధ్యస్థానికి, ఆకుపచ్చ స్వల్ప విషానికి గుర్తులు. అక్షరం రాకపోయినా రంగు చూసి జాగ్రత్త పడాలన్నది ఉద్దేశం.

చట్టం పుట్టడం ఒక ఎత్తు, దాన్ని పనిచేయించడం మరొక ఎత్తు. ఆ పని సాధారణ మనుషుల పట్టుదల వల్ల జరిగింది. కేరళలోని కాసరగోడులో ప్రభుత్వ సంస్థకు చెందిన జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టుకతో వైకల్యాలు, నరాల జబ్బులు అసాధారణంగా ఉన్నాయని స్థానిక వైద్యుడు మోహన్‌కుమార్ గమనించి, పత్రికలకూ వైద్యులకూ రాశారు. వ్యవసాయ శాఖ ఉద్యోగి లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కారు. 2000లో ఆకాశం నుంచి చల్లడం ఆగింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిలిపివేసింది. ఆ ఏడే స్టాక్‌హోం ఒప్పందం కింద ప్రపంచ దేశాలు దాన్ని నిషేధ జాబితాలో చేర్చాయి. 2017లో బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

తెలుగు నేల మీద ఇలాంటి పోరాటం పటాన్‌చెరులో జరిగింది. మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వదిలిన వ్యర్థాలతో అక్కడి వాగులు, చెరువులు, బావులు పాడయ్యాయి. రైతులతో కలిసి నిలబడిన వైద్యుడు అల్లాని కిషన్‌రావు దశాబ్దాలపాటు ఆ ఉద్యమంలో ఉన్నారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం అక్కడి రైతులకు నష్టపరిహారం చర్చకు, నీళ్ల పరీక్షలకు దారితీసింది.

మోనోక్రోటోఫాస్ కథ చట్టానికీ పొలానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపుతుంది. కూరగాయల మీద దాన్ని వాడకూడదని ప్రభుత్వం 2005లోనే ఆదేశించింది. కానీ పత్తికి, ఇతర పంటలకు అమ్మకం సాగింది. అదే అంగడిలో, అదే బల్ల మీద అమ్మే సీసా ఏ చేనుకు వెళ్తుందో ఎవరు చూస్తారు? 2013 జులైలో బిహార్‌లోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు ఈ మందు కలిసిన నూనె వల్ల చనిపోయారు. ఆ ఏడాదే అనుపమ్ వర్మ నేతృత్వంలో ప్రభుత్వ నిపుణుల సంఘం ఏర్పడి, ఇతర దేశాల్లో నిషేధించినా మన దగ్గర అమ్ముడవుతున్న 66 మందులను సమీక్షించింది. 2018లో 18 మందుల నిషేధానికి ఆదేశాలు వచ్చాయి. ఫోరేట్, ట్రయాజోఫాస్, డైక్లోర్వాస్ వంటి ఆరింటికి 2020 డిసెంబరు 31 వరకు గడువిచ్చారు. 2020 మేలో మరో 27 మందుల నిషేధానికి ముసాయిదా వెలువడింది. 2023లో వచ్చిన తుది ఆదేశం వాటిలో డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్‌లను మాత్రమే పూర్తిగా నిషేధించి, మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిలిపివేసింది. 27కూ ఈ కొద్దిపాటికీ మధ్య తేడా అంతా, ఒకవైపు తయారీదారులు, మరోవైపు ప్రజారోగ్యం కోరేవారు ప్రభుత్వం ముందు పెట్టిన వాదనల తూకంలో తేలింది. జనం మాట తక్కువగా వినిపించిన చోట మందు నిలిచిపోతుంది.

పునుకుల చూపిన దారి

మందు మానేస్తే పంట ఏమవుతుంది? రైతు అడిగే ఈ ప్రశ్నకు మాటలతో జవాబివ్వడం చాలదు, చేనులో చూపాలి. అలా చూపిన ఊరు పునుకుల. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని ఈ పల్లెలో పత్తి పండించేవారు. మందులమ్మే వ్యాపారే అప్పూ ఇచ్చేవాడు, పంటా కొనేవాడు. పురుగు మందుకు అలవాటుపడే కొద్దీ మందు పెరిగింది, మందుతోపాటు అప్పూ పెరిగింది. 1999 తర్వాత సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో, కొందరు రైతులతో మందు లేని సస్యరక్షణ మొదలుపెట్టింది. దిగుబడి పడిపోలేదు, ఖర్చు పడిపోయింది. మహిళా సంఘాలు పట్టుబట్టి ఊరంతటినీ కదిలించాయి. 2003 నాటికి పునుకుల పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకుంది. మందుల వ్యాపారులు ఊళ్లోకి రావద్దని పంచాయతీ తీర్మానించింది. 2006లో అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి ఊరంతా సేంద్రియ సాగుకు మారింది. సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ అనుభవాలను శాస్త్రంగా అమర్చింది. పేదరిక నిర్మూలన సంస్థ 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమంతా తీసుకెళ్లింది. ఆ వేరు నుంచి పెరిగిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇవాళ రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. 2024లో దానికి గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో భాగం దక్కింది.

ఈ పద్ధతి వెనక ఉన్న శాస్త్రం సులువైనది. పురుగు బతుకులో గుడ్డు, పిల్లపురుగు, గూడు, రెక్కపురుగు అనే నాలుగు దశలుంటాయి. మందు దాదాపుగా ఒక్క దశనే ఎదుర్కొంటుంది. మందు లేని సస్యరక్షణ నాలుగు దశల్లోనూ అడ్డు వేస్తుంది. వేసవిలో లోతుగా దున్నితే నేలలోని గూళ్లు ఎండకూ పక్షులకూ బలవుతాయి. లింగాకర్షక బుట్టలు మగ రెక్కపురుగులను పట్టి, పురుగు ఉనికిని రైతుకు ముందే తెలుపుతాయి. పసుపు జిగురు అట్టలకు తెల్లదోమ అంటుకుంటుంది. నారుమడి మీద సన్నటి వల కప్పితే వైరస్ మొదట్లోనే ఆగుతుంది. చేను చుట్టూ నాలుగు వరసల జొన్నో మొక్కజొన్నో వేస్తే గాలితో వచ్చే దోమకు గోడ కట్టినట్టే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ 16 వరసల టమోటాకు ఒక వరస బంతి వేయమంటుంది. శనగపచ్చ పురుగు తల్లి బంతిపూల మీదికే ముందు వెళ్లి గుడ్లు పెడుతుంది. అదే సంస్థ రూపొందించిన అర్క రక్షక్ అనే సంకర రకం ఆకుముడత వైరస్‌ను, ఎండు తెగులును, మాడు తెగులును మూడింటినీ తట్టుకుంటుంది. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపపప్పు పొడి చొప్పున తీసిన కషాయం పురుగు మేతను, ఎదుగుదలను ఆపుతుంది.

పుంగనూరు ఆవు చిత్తూరు పడమటి మండలాల సొంత జాతి. పొట్టిగా ఉండి తక్కువ మేతతో బతికే ఈ పశువు పేడ, మూత్రం జీవామృతం వంటి తయారీలకు పనికొస్తాయి. అవి నేలలో సూక్ష్మజీవులను పెంచడానికి ఉద్దేశించినవి. ఏ కషాయమూ మంత్రం కాదు. పురుగు ఉధృతంగా ఉన్న ఏడాది ఒకే పద్ధతిని నమ్ముకుంటే నష్టం తప్పదు. అన్ని అడ్డుకట్టలూ కలిసి, సమయానికి వేసినప్పుడే ఫలితం వస్తుంది. అందుకు పక్కన నిలబడి చూపే మనిషి కావాలి. రైతుకు సలహా ఇచ్చేవాడు మందులమ్మేవాడు ఒక్కడే అయినంత కాలం సలహా సీసా దగ్గరే ముగుస్తుంది.

మండీ దగ్గర జరగవలసినవి

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా జనం మూర్ఛతో, కళ్లు తిరిగి పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ తెలిపింది. పురుగుమందుల మీదా అనుమానం పడింది. దేశంలోని పెద్ద పెద్ద సంస్థలు దిగి నీళ్లు, పాలు, కూరగాయలు పరీక్షించవలసి వచ్చింది. ఆపద వచ్చాక వెతకడం కంటే రోజూ పరీక్షించడం తేలిక, చౌక. కేంద్ర వ్యవసాయ శాఖ 2005-06 నుంచి దేశవ్యాప్తంగా కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలను పరీక్షించే పథకం నడుపుతోంది. కానీ ఆ నమూనాల ఫలితాలు కాయ పండించిన పల్లెకు తిరిగి చేరినప్పుడే వాటి వల్ల మార్పు వస్తుంది.

అందుకని అంగళ్లు, మదనపల్లె వంటి మార్కెట్ల దగ్గరే అవశేషాల పరీక్షా కేంద్రం ఉండాలి. దాని ఫలితాలను మండీ గోడ మీద తెలుగులో పెట్టాలి. తప్పు పట్టడం కోసం కాదు, ఏ మందు ఎక్కువగా మిగులుతోందో రైతుకు తెలియడం కోసం. మందు లేకుండానో, గడువు పాటించో పండించిన బాక్సుకు వేరే వేలం, వేరే ధర ఉంటే రైతుకు కోతగడువు పాటించే ఓపిక వస్తుంది. మందుల అంగడివాడు ప్రతి సీసాకూ బిల్లు ఇవ్వాలి, కోతగడువు నోటితో చెప్పాలి. ఎర్ర త్రికోణం ఉన్న మందులను దశలవారీగా అమ్మకం నుంచి తొలగించాలి. మందు కలిపే ఆడకూలీకి చేతితొడుగులు ఇవ్వడం దయ కాదు, బాధ్యత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అట్రోపిన్ నిల్వ ఉండాలి, విషం సోకిన ప్రతి కేసునూ నమోదు చేయాలి. నమోదు కాని జబ్బును ఏ చట్టసభా చూడదు.

పాఠకుడు చేయగల పనులూ ఉన్నాయి. కాయను ధారలో రుద్ది కడగాలి, వీలైతే తొక్క తీయాలి. మెరిసే కాయ కోసమే పట్టుబట్టడం మానాలి. పుచ్చు మచ్చ ఉన్న కాయను చూసి మొహం తిప్పుకునే ప్రతి కొనుగోలుదారూ రైతును మరో ట్యాంకు మందు కొట్టమన్నట్టే. నిషేధించిన మందు అమ్ముతున్నట్టు తెలిస్తే వ్యవసాయాధికారికి రాయాలి. గ్రామసభలో పునుకుల చేసిన తీర్మానం వంటిది పెట్టమని అడగాలి. ఎండోసల్ఫాన్ నిషేధం ఒక వైద్యుడి ఉత్తరాలతో, ఒక ఉద్యోగిని ఫిర్యాదుతో మొదలైంది. కొళాయి దగ్గర కడిగి పోగొట్టలేని విషాన్ని పొలం దగ్గరే ఆపడానికి అలాంటి ఉత్తరాలు, ఫిర్యాదులు, తీర్మానాలు ఇంకా చాలా కావాలి. వాటిని రాయవలసింది ఆ కాయను తినేవారూ, పండించేవారూ కలిసి.